మెషిన్ పక్కన నాలుగు కుర్చీలు

మా ఆయన పెద్దిరాజు యంత్రాలు వద్దని ఊరేగింపులో గొంతు చించుకుని, అదే సాయంత్రం ఒక యంత్రాన్ని చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఈ ఒక్క ముక్క చెబితే ఆయన గురించి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

1986వ సంవత్సరం, రథయాత్ర వెళ్ళిన వారం. బెంగాల్లో ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో మా సందంతా మోకాలి లోతు నీళ్ళు. డాక్‌లోకి కంటైనర్లు వచ్చేశాయి, రేపో మాపో కంప్యూటర్లు వస్తాయి, కూలీల నోట్లో మట్టి కొడతాయి అని యూనియన్ వాళ్ళు పిలుపిచ్చారు. ఆయన డాక్‌లో క్రేన్ల ఎలక్ట్రీషియను, యూనియన్లో యూనిట్ సెక్రటరీ. పొద్దున్నే ఎర్రజెండా పట్టుకుని ఖిదిర్‌పూర్ కూడలి నుంచి "జంత్రో నొయ్, కాజ్ చాయ్" అని అరుచుకుంటూ పోయాడు. యంత్రం కాదు, పని కావాలి అని. సాయంత్రం టార్పాలిన్ ముక్కలో చుట్టిన పెట్టెతో గుమ్మంలో నిలబడ్డాడు.

"గురవమ్మా, ఒక గోనె పరువు. నేల తడిగున్నాది."

"ఏటది?"

"తాళం మెషిను. విదేశీ ఓడలో ఆఫీసర్ల గదిలో పడున్నాది. పారేస్తామంటే అడిగి తెచ్చినాను."

విప్పి చూపించాడు. పక్కలకి చెక్క, పైన తెల్లబొత్తాల వరస. వాల్ట్జ్, రుంబా, సాంబా, ఇంకా నోరు తిరగని పేర్లేవో ఇంగ్లీషులో రాసి ఉన్నాయి. బొత్తాం నొక్కితే లోపల్నుంచి డోలూ తాళాలూ వాటంతటవే మోగుతాయట. వేగం పెంచడానికి, తగ్గించడానికి ఒక గుండ్రటి పిడి. అంతే.

"మరి పొద్దుటేల అరిచినది దేని మీద?"

"అది డాక్ మెషిను మీద. ఇది పాటల మెషిను. తేడా తెల్దేటి నీకు?"

తేడా తెలియని దాన్ని కాబట్టి వంటింట్లోకి పోయాను. ఈలోగా ఆయన ప్లగ్గు పెట్టాడు. అది నూటపది వోల్టుల సరుకు, మనది రెండొందల ఇరవై. రోజూ క్రేన్లకి కరెంటు చూసే మనిషికి ఆ మాట గుర్తు రాలేదు. పెట్టెలోంచి పొగ వచ్చింది, మా వరస క్వార్టర్లన్నిటికీ దీపాలు పోయాయి. చీకట్లో ఎనిమిదిళ్ళ వాళ్ళు మా ఆయన పేరు పెట్టి తిట్టారు. నేనూ వాళ్ళతో గొంతు కలిపాను.

ఆ తర్వాత రెండు నెలలు మా ఇంట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. ఉన్నదే ఒక గది. అందులో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్త అమ్మన్నమ్మ. మంచం మీద ఆ పెట్టె పొట్ట విప్పి పడుకుంది కాబట్టి మేమందరం కింద పడుకున్నాం. నా ఇడ్లీరేకు గుంటల్లో మరలు ఒక సైజువి ఒక గుంటలో సర్దాడు. కరెంటు లేనప్పుడు నా కిరసనాయిలు స్టవ్వు మీద సాల్డరింగ్ కడ్డీ కాల్చాడు. ఒకరోజు అత్త ఇడ్లీ కొరికి నోట్లోంచి మర తీసి, "ఓలె, పన్నూడిపోనాదనుకున్నాను" అని ఊరట పడింది. ఆయన దాన్ని కడిగి, "ఇదే, నిన్నట్నుంచి ఎతుకుతన్నాను" అన్నాడు.

పెట్టె మాట్లాడటం మొదలెట్టాక ఇంకా అన్యాయం. లోపల చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది, దాన్ని కొద్దిగా తిప్పితే పెద్ద డోలు చప్పుడు మారుతుంది. వెంట్రుక వాసి తిప్పడం, నొక్కడం, నన్ను పిలవడం.

"డుమ్మా, డమ్మా?"

"డుమ్మే."

"సరిగ్గా ఇను. ఇప్పుడు?"

"అదీ డుమ్మే! కూర మాడిపోతన్నాది!"

"కాదే, దీన్లో ఎనకాల చిన్న గుమ్మురు ఉన్నాది. ఇప్పటి మెషిన్లలో ఇది రాదు. పాత సరుకు కాబట్టే వస్తాది." ఆ గుమ్మురు వినపడినప్పుడల్లా ఆయన కళ్ళు మూసుకునేవాడు. నా పెళ్ళిలో నా మొహం చూసి కూడా అలా కళ్ళు మూసుకోలేదు. తాళాల చప్పుడికి మాత్రం మా అత్త, "పోపులో ఆవాలేసినట్టున్నాది" అని తీర్పు చెప్పింది. ఆ మాటకి ఆయన మూడు రోజులు ఆ తాళాల మీదే కూర్చున్నాడు.

ఇక మా తమ్ముడు సోములు సంగతి చెప్పాలి. సోములు డాక్‌లో బదిలీ కూలీ. రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి, పిలిస్తే పని, లేకపోతే లేదు. పిలిచినా నంబరు పెట్టి పిలుస్తారు. డోలు మెడలో పడితేనే వాడికి పేరు. మా ఆయన హార్మోనియం వాయిస్తూ నడిపే పైడితల్లి ఆర్కెస్ట్రాలో డోలు సోములుది. తాసా, కాంగో, గిలకలు వాయించే ముగ్గురూ వాడి చెయ్యి చూసే వాయిస్తారు. విశ్వకర్మ పూజ నుంచి కాళీపూజ దాకా ఖిదిర్‌పూర్‌లో, లిలువా రైల్వే కాలనీలో, మన తెలుగువాళ్ళు ఎక్కడుంటే అక్కడ ఫంక్షన్లు. ఏడాదిలో ఆ నెలన్నరే వాడు తల ఎత్తుకుని నడిచేది.

మొదట్లో ఆ పెట్టెంటే వాడికీ ముచ్చటే. డోలు తెచ్చుకుని దాని ఎదురుగా కూర్చుని వాయించేవాడు. "బావా, నీ రుంబాగాడు మొండోడు. నాను ఆగినా ఆగడు, నాను పరిగెట్టినా పరిగెట్టడు. ఎవులి మాటా ఇనడు," అని నవ్వేవాడు.

విశ్వకర్మ పూజ వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం సోములు మా ఇంట్లో అన్నం తింటున్నాడు. మా ఆయన చెయ్యి జారి రెండు బొత్తాలు ఒకేసారి నొక్కుకున్నాయి, రుంబా, సాంబా. రెండూ కలిసి మూడోది ఏదో పుట్టింది. అచ్చం మన వైపు అమ్మవారి ఊరేగింపులో కొట్టే దెబ్బ. మా అత్త చేతిలో చేట కింద పెట్టేసింది. నాక్కూడా ఒళ్ళు జలదరించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మా ఆయన మంచం మీదకెక్కి గంతులేశాడు.

"అమ్మా, సూసినావా! ఈ దసరా పూజకి డోలొద్దు, తాసా వద్దు, ఏటీ వద్దు. నలుగురి పని ఇదొక్కర్తీ సేస్తాది. తాగి రాదు, అలగదు, రిహార్సలు ఎగ్గొట్టదు!"

పెట్టెని చూస్తూ అన్నాడు. సోముల్ని చూసి అనలేదు. ఆయనతో చిక్కే అది, చూసి ఉంటే అని ఉండడు.

సోములు సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. "ఎల్తాను అప్పా," అన్నాడు. నేను సందు చివరిదాకా వెంటపడ్డాను.

"బావ మాటవరసకన్నాడురా."

"బావ మాటవరసకి అన్నీ నిజాలే అంటాడప్పా."

వెనక్కొచ్చి మా ఆయన మీద పడ్డాను. "నా తమ్ముడి సోటు తీసి ఆ సెక్కపెట్టెకి ఇస్తావేటి? ఆడికి ఇంకేటున్నాది?"

"నానేటి తీసినాను? పాటకి ఏది బాగుంటే అదే కదా."

"ఈ మాటే మీ మేనేజరంటే ఊరేగింపు తీస్తావు!"

"ఆడు మేనేజరు. నాను ఆర్టిస్టుని."

ఆయనతో మూడు రోజులు మాట్లాడలేదు. మాట్లాడటం లేదని ఆయనకి తెలిస్తే కదా. చెవి పెట్టెకి ఆనించుకునే ఉన్నాడు.

నాలుగో రోజు రేషన్ షాపు లైన్లో పార్టీ లోకల్ కమిటీ పెద్ద నితాయ్‌దా కనిపించాడు. ఆ రోజుల్లో మా పాడాలో, అంటే పేటలో, ఏ తగాదా వచ్చినా నితాయ్‌దా దగ్గరికే. కుళాయి దగ్గర కొట్టుకున్నా, అద్దెవాడు ఖాళీ చెయ్యకపోయినా, మొగుడు పెళ్ళాన్ని కొట్టినా, పార్టీ లోకల్ కమిటీ కూర్చుని తీర్పు చెప్పేది. నితాయ్‌దా మంచివాడే. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక డైరీ ఉండేది. "కీ ఖొబోర్ బౌది?" అని పలకరించాడు, ఏం కబురు వదినా అని. మూడు రోజుల మంట నా గొంతులోనే ఉంది.

"ఏం చెప్పను దాదా, మా ఇంట్లో కంప్యూటర్ పెట్టారు. నలుగురి పని పోతోంది," అనేశాను బెంగాలీలో.

ఆయన మా ఆయన్ని పిలిచి ఒకసారి కళ్ళెర్ర చేస్తే చాలనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు. ఆయన డైరీ తీశాడు. డైరీ తీసినప్పుడే నా బుద్ధి మేలుకోవాల్సింది. లైను ముందుకి జరిగింది, గోధుమలు వచ్చాయో లేదో అన్న ఆత్రంలో పడిపోయాను.

ఆదివారం పొద్దున్న పాడా క్లబ్బులో విచారణ పెట్టారు. కేరంబోర్డు పక్కకి జరిపి బల్ల వేశారు. బల్ల వెనక నితాయ్‌దా, మరో అయిదుగురు కమిటీ వాళ్ళు, ఒక్కొక్కరి చేతిలో మట్టి భాండ్‌లో టీ. బల్ల మీద పెట్టె. ముద్దాయిలా దానికీ ఒక కాగితం అతికించారు. ఒక పక్క మా ఆయన, ఇంకో పక్క సోములు, తక్కిన ముగ్గురు వాయిద్యగాళ్ళు. నేను గుమ్మం దగ్గర, నా వెనక తమాషా చూడ్డానికి మా అత్త.

నితాయ్‌దా లేచి మొట్టమొదట అన్న మాట, "ఈ సమస్యని మన దృష్టికి తెచ్చిన గురవమ్మ బౌదికి కమిటీ తరఫున ధన్యవాదాలు." మా ఆయన మెడ తిప్పి నన్ను చూశాడు. సోములూ చూశాడు. నేల చీలితే దూరిపోదును గానీ అది సిమెంటు నేల.

"వాయించి చూపించండి," అన్నాడు నితాయ్‌దా. మా ఆయన రెండు బొత్తాలూ నొక్కాడు. కమిటీ వాళ్ళు అర నిమిషం ముఖాలు బిగించుకుని కూర్చున్నారు. తర్వాత ఒకాయన మోకాలు కదిలింది. ఇంకొకాయన భాండ్ బల్ల మీద కొట్టబోయి టీ ఒలకబోసుకున్నాడు. నితాయ్‌దా వాళ్ళవైపు గుర్రుగా చూసి, పెట్టె ఆపమన్నాడు.

"దీనివల్ల ఎంతమందికి పని పోతుంది?"

"నలుగురికి," అన్నాను నేనే. ఎవరూ నన్ను అడగలేదు.

నితాయ్‌దా డైరీలో వెనక్కి పేజీలు తిరగేశాడు. "డాక్‌లో ఫోర్క్‌లిఫ్ట్ వచ్చినప్పుడు మనం ఏం చేశాం పెద్దిరాజు?"

"గ్యాంగులో ఒక్కణ్ణి కూడా తగ్గించనివ్వలేదు దాదా," అన్నాడు మా ఆయన. ఆ ఒప్పందం మీద సంతకం చేసిన వాళ్ళలో తనూ ఉన్నాడు మరి.

"అయితే ఇక్కడా అంతే. మెషిన్ పనిచెయ్యొచ్చు. కానీ నలుగురు మనుషులూ స్టేజీ మీద ఉండాలి, నలుగురి వాటా నలుగురికీ ముట్టాలి. ఒక్క మనిషి తగ్గడానికి వీల్లేదు."

తీర్మానం డైరీలో రాశాడు. మా ఆయన మొహం వెలిగిపోయింది, పెట్టె దక్కింది కాబట్టి. తాసావాడు, కాంగోవాడు, గిలకలవాడు ఒకళ్ళ భుజం ఒకళ్ళు తట్టుకున్నారు. నా తమ్ముడి చోటు ఎవరూ తియ్యకుండా చేశానని నాకూ గర్వంగానే ఉంది. సోములు మాత్రం చెయ్యెత్తాడు, బడిలో పిల్లాడిలా.

"దాదా, స్టేజీ మీద మేం ఏం చెయ్యాలి?"

"కిచ్ఛు నా. బోషే థాక్‌బే." ఏమీ లేదు, కూర్చుని ఉండటమే.

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. అందరూ నవ్వారని నవ్వాను.

దారిలో, "సూసినావా, నీ సోటు ఎవులూ తియ్యనేరు," అన్నాను.

"సోటుకేటి అప్పా, ఉన్నాది," అన్నాడు వాడు.

రిహార్సళ్ళకి సోములు రోజూ ఠంచనుగా వచ్చాడు. ఇదివరకు ఒక్కరోజు కూడా టైముకి వచ్చిన మనిషి కాదు. వచ్చి కూర్చునేవాడు. అయ్యాక లేచి వెళ్ళేవాడు. నా దగ్గర అన్నం తినమంటే తినేవాడు, రెండోసారి వడ్డిస్తే వద్దనేవాడు కాదు. దాంతో నేను అంతా బాగానే ఉందనుకున్నాను. మా ఆయన ఒకటే గొణుగుడు, "నీ తమ్ముడు మొకం అలగ పెట్టుకుని కూకుంటే పాట పాడైపోతన్నాది. కాస్త నవ్వమని సెప్పు." కూర్చోబెట్టింది చాలక నవ్వడం కూడా కావాల్సి వచ్చింది ఆయనకి!

దసరా అష్టమి సాయంత్రం మా తెలుగు కాలనీ పందిట్లో ఫంక్షను. అమ్మవారికి హారతి అయిపోయింది. స్టేజీ మధ్యలో, బల్ల మీద ఎర్ర గుడ్డ పరిచి దాని మీద పెట్టె. దాని పక్కన డెకరేటర్ దగ్గర తెచ్చిన మడత కుర్చీలు నాలుగు. నలుగురికీ ఎర్ర శాటిన్ చొక్కాలు. ముందు వాయిద్యాలు, వాటికి బంతిపూల దండలు. తీర్మానం అమలవుతోందో లేదో చూడటానికి నితాయ్‌దా ముందు వరసలో కూర్చున్నాడు.

పెట్టె అద్భుతంగా వాయించింది. పిల్లలు లేచి ఎగిరారు. లిలువా నుంచి వచ్చిన వాళ్ళు స్టేజీ దగ్గరకొచ్చి దాన్ని వంగి వంగి చూశారు, కుర్చీల్లో ఉన్న నలుగురినీ దాటుకుని. మొదటి రెండు పాటలకి తాసావాడు తల ఊపాడు, తర్వాత వాడూ మానేశాడు. సోములు చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఫోటోకి కూర్చున్నట్టు కూర్చున్నాడు.

అయిదో పాట మధ్యలో కరెంటు పోయింది.

లోడ్‌షెడ్డింగ్ మాకు కొత్త కాదు. పందిట్లో జనరేటరు ఉంది, అది నడిపేవాడే భోగ్ ప్రసాదం తినడానికి పోయాడు. దీపాలు పోయాయి, మైకు పోయింది, పెట్టె నోరు మూసుకుంది. అయిదొందల మంది చీకట్లో. వెనక ఆడవాళ్ళ వైపు తోపులాట మొదలైంది, పసిపిల్లలు ఏడుపందుకున్నారు. మా ఆయన హార్మోనియం నాలుగో వరసకి కూడా వినపడలేదు. అంత జనాన్ని ఉన్నచోట నిలబెట్టాలంటే డోలు ఒక్కటే. ఎవరో అరిచారు, "డోలు కొట్టండిరా!" ఆ తర్వాత అందరూ అదే మాట.

"సోములూ, అందుకోరా!" అన్నాడు మా ఆయన.

డోలు మోగలేదు. మిగతా ముగ్గురూ వాడు మొదలెట్టేదాకా మొదలెట్టరు.

"సోములూ!"

"తీర్మానంలో అది నేదు కదా బావా," అన్నాడు వాడు. కోపంగా అనలేదు. టైమెంతయిందంటే చెప్పినట్టు చెప్పాడు.

"సోములు, బాజావ్!" వాయించమని నితాయ్‌దా గొంతు కింద నుంచి.

"మీరే కదా దాదా, బోషే థాక్తే బోలేఛేన్." కూర్చుని ఉండమంది మీరేగా అని.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పెట్టె మీద, పెట్టె తెచ్చినాయన మీద, డైరీ మీద, మూడు నెలల చిరాకంతా ఆ క్షణాన వీడి మీదకే వచ్చింది. ఇంత చేసింది వీడి కోసం, వీడు అలిగిన పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. చీర ఎగ్గట్టి చీకట్లో తడుముకుంటూ స్టేజీ ఎక్కాను. మోకాలు కుర్చీకి కొట్టుకుంది.

"ఒరే, నలుగుర్లో నా పరువు తియ్యకురా. ఎవుల కోసం ఎల్లి సెప్పినాననుకున్నావు? నీ కోసం కాదేటిరా?"

"తెల్సు అప్పా. నువ్వు కూకోబెట్టినావు, నాను కూకున్నాను."

ఇక మాటలతో లాభం లేదని, వాడి చెయ్యి పట్టి లాగి డోలు మీద పడెయ్యాలని చెయ్యి చాచాను. వాడి కుడిచెయ్యి తొడ మీద ఉంది. నా అరచెయ్యి దాని మీద పడింది.

వేళ్ళు ఆడుతున్నాయి. పాట ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే, ఒక్క దెబ్బ తప్పకుండా వాయిస్తున్నాడు. ఎడమచెయ్యి ఇంకో తొడ మీద జవాబిస్తోంది. బట్ట మీద వేళ్ళు కదా, పక్క కుర్చీవాడికి కూడా వినపడదు. జనం తోసుకుంటున్న కొద్దీ వేగం తగ్గిస్తున్నాడు, జనాన్ని కూర్చోబెట్టే దెబ్బ అది. ఆ పందిట్లో అది నాకొక్కదానికే తెలిసింది. లాగడానికి చాచిన చేతిని అక్కడే ఉంచేశాను. ఏం చేశానో, ఎవరికి చేశానో అప్పుడు తెలిసింది. అయ్యో అని కూడా అనలేకపోయాను, అంటే వాడు ఆపేస్తాడేమోనని.

పందిరి వెనక జనరేటరు దగ్గింది, మళ్ళీ దగ్గింది, అందుకుంది. దీపాలు వెలిగాయి. బొత్తాలు నొక్కే ఉన్నాయి కాబట్టి పెట్టె ఎవరూ ముట్టుకోకుండానే తనంతట తనే మొదలెట్టింది. జనం చప్పట్లు కొట్టారు.

నా చేతి కింద సోములు వేళ్ళు ఆగిపోయాయి.